చల్లని చేదు

తిరుపతి జిల్లా వరదయ్యపాళెము మండలములో కువ్వాకొల్లి అను గ్రామము కలదు. శ్రీసిటీకి ఉద్యోగార్థమై వచ్చిపోవువారిలో పలువురు ఆ పేరైనను విని యుండరు. గుంటూరు సీమలోని దుగ్గిరాలలో ఇన్‌స్టంటు కాఫీ పరిశ్రమను నెలకొల్పి, దేశదేశములకు కాఫీపొడి పంపుచున్న సీసీఎల్ సంస్థవారు ఈ కువ్వాకొల్లిలో మరియొక కర్మాగారమును కట్టి, 2019 నుండి అచ్చట కాఫీని గడ్డకట్టించి ఎండబెట్టు పనిని సాగించుచున్నారు. ఆ విధానము వినుటకే ముచ్చటగా నుండును. చిక్కని కాఫీ కషాయమును సున్నకు నలుబది డిగ్రీల దిగువకు చల్లార్చి, అది పూర్తిగా గట్టిపడిన పిదప పలుకులుగా నలుగగొట్టి, గాలి తీసివేసిన గదులలో నుంచి కొద్దికొద్దిగా వేడి తగిలించినచో, అందలి మంచు నీరుగా మారకయే తిన్నగా ఆవిరియై వెడలిపోవును. మంటకు ఎగిరిపోవలసిన పరిమళములో మిక్కిలి భాగము ఆ పలుకులలోనే నిలిచిపోవును. నిప్పుచేత పుట్టిన రుచిని చలిచేత కాపాడుట యను ఈ సూత్రమే నేను చెప్పబూనిన పానీయమునకును మూలము.

ఇట్టి కర్మాగారము పొరుగున నున్నను, ఈ ప్రాంతపు ఇండ్లలో కాఫీ యనగా పొగలు వెడలవలసినదే. ఫిల్టరు నుండి చుక్కచుక్కగా దిగిన డికాక్షనును మరగిన పాలతో కలిపి, గ్లాసు నుండి డబరాలోనికిని డబరా నుండి గ్లాసులోనికిని ఎత్తిపోసి, నురుగు కట్టించి, చేతికి సెగ తగులునట్లు అందించుట మద్రాసు రాష్ట్రపు కాలము నుండి మనకు నిలిచిన మర్యాద. చల్లారిన కాఫీని అతిథి ముందుంచుటకు ఏ గృహిణియు ఒప్పుకొనదు. అయినను వైశాఖ జ్యేష్ఠ మాసములలో, ఒకవంక పులికాటు సరస్సు మీదుగా వచ్చు తేమగాలియు, మరొకవంక నాగలాపురపు కొండల తట్టు నుండి వీచు వడయు కలిసి, ప్రొద్దు క్రుంకినను శరీరమును వదలక పీడించునప్పుడు, కాఫీయందు ఎంత ప్రీతి గలవాడైనను ఆ వేడి గ్లాసును చూచి వెనుదీయును. చల్లని కాఫీకి ఈ సీమలో చోటు అట్లు ఏర్పడినది.

ఆ చోటును నింపినవారు పరదేశీయులు. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెము ప్రాంతపు భూములపై ఆరంభమైన శ్రీసిటీలో నేడు ఇసుజు వారి వాహనములును, కోబెల్కో వారి మట్టి త్రవ్వు యంత్రములును, చలిని పుట్టించు డైకిన్ వారి ఏసీలును, మాండెలీజ్ వారి చాక్లెట్లును తయారగుచున్నవి. వానితోపాటు జపాను, కొరియా దేశముల ఇంజనీర్లును వచ్చి నివసించుచున్నారు. జపానులో చల్లని కాఫీ ఎంతో కాలముగా నిత్యపానీయము. నా మేనల్లుడు అట్టి కర్మాగారములలో ఒకదానిలో పనిచేయుచు, తన పైయధికారులు పాలును చక్కెరయు లేని నల్లని కాఫీని మంచుగడ్డల మీద పోసికొని త్రాగుట చూచి, ఆ అలవాటును ఇంటికి తెచ్చెను. ఆ కాఫీకి విస్కీని, స్టౌటు అను నల్ల బీరును జోడించి నేను చేయు పానీయము మాత్రము జపాను నుండి వచ్చినది కాదు. దాని మూలరూపమునకు పుట్టినిల్లు ఐర్లండు.

ఐర్లండు పడమటి తీరమున ఫాయిన్స్ అను చిన్న రేవు కలదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అట్లాంటికు మహాసముద్రమును దాటు నీటి విమానములు అచ్చట దిగుచుండెడివి. 1943 శీతకాలమున ఒక రాత్రి తుఫాను వలన దారి మధ్యనుండి వెనుకకు మరలి, చలికి వణకుచు దిగిన ప్రయాణికులకు జో షెరిడన్ అను వంటవాడు వేడి కాఫీలో విస్కీ కలిపి, పైన మీగడ తేల్చి ఇచ్చెనని ప్రతీతి. 1952లో అది సాన్ ఫ్రాన్సిస్కో నగరములోని బ్యూనా విస్టా కెఫేకు చేరి, అటనుండి లోకమంతట వ్యాపించినది. చలికి ముడుచుకొనిపోయిన దేహమును వేడెక్కించుటకై పుట్టిన పానీయమును, ఎండకు వాడిన దేహమునకు అనుకూలముగా త్రిప్పవలెనన్నచో దాని ప్రతి అంగమును మార్చవలసియుండును: వేడి పోయి మంచు రావలెను, కడుపున బరువుగా కూర్చుండు మీగడ పోయి, దాని నునుపును తలపింపజేయు తేలికయైన నురుగు రావలెను. ఆ నురుగును తెచ్చునదే స్టౌటు.

స్టౌటును గూర్చి మన ప్రాంతమున తెలిసినవారు తక్కువ. వైన్ షాపులలో బీరు అనగా పసుపుపచ్చని లాగరే; అందును అధికముగా అమ్ముడగునది స్ట్రాంగ్ బీరు. స్టౌటు దొరకుట అరుదు, దొరికినప్పుడు దాని వెల ఎక్కువ, దాని రంగు చూచి జనులు జంకుదురు. నా మేనల్లుడును మొదటిసారి స్టౌటు డబ్బాను తెరచినప్పుడు, "ఏంది మామా, ఇంత నల్లంగా ఉండాదే! గట్టిగా ఎక్కతాదేమో?" అని అడిగెను. "రంగు జూసి బయపడబాక నాయనా, మన షాపుల్లో అమ్మే స్ట్రాంగ్ బీరే దీనికంటే గట్టిది" అని చెప్పితిని. అది నిజము. ప్రసిద్ధమైన గిన్నెస్ స్టౌటులో ఆల్కహాలు నూటికి నాలుగుపాళ్ళకు కొంచెము మించియుండునంతే. ఆ నలుపు మత్తుకు గురుతు కాదు, నిప్పుకు గురుతు.

బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తించి, మొలక కొంత సాగగానే ఎండబెట్టినచో మాల్టు అగును. రాయలసీమ గృహములలో పసిపిల్లలకై రాగులను మొలకగట్టి, ఎండబెట్టి, దోరగా వేపి, విసరి, మాల్టు కాచి పోయు తల్లులకు ఈ విద్యను క్రొత్తగా నేర్పవలసిన పని లేదు. మొలకెత్తునప్పుడు గింజలోని పిండి తీపిగా మారుటకు కావలసిన సత్తువ పుట్టును. ఆ తీపినే తరువాత ఈస్టు తిని ఆల్కహాలుగా మార్చును. అయితే స్టౌటు కొరకు గింజలలో కొంత భాగమును నల్లబడు వరకు వేపుదురు. 1817లో లండనులో డేనియల్ వీలర్ అను నతడు ఇందుకై యొక క్రొత్త సాధనమునకు పేటెంటు పొందెను. ఇనుప పీపాలో గింజలను పోసి, నిప్పు మీద త్రిప్పుచు, మాడిపోకుండ నల్లబరచు ఆ సాధనము కాఫీ గింజలను వేపు పీపాను అనుసరించి చేయబడినదే. ఈ సంగతి తెలిసిన పిమ్మట, కాఫీ గింజ యొకటియైనను లేని స్టౌటులో కాఫీ వాసన ఏల వచ్చునను సందేహము నాకు తీరినది. గింజలు వేరు, నేలలు వేరు. కాని నిప్పు యొకటే, ఆ పీపాయు ఒక్కటే. ధాన్యములోని తీపియు మాంసకృత్తులును వేడికి కలిసి గోధుమరంగును, సువాసనలను పుట్టించు రసాయన క్రియను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీయ్ మయార్ వివరించెను. కాఫీయందును, కాలిన రొట్టె అంచునందును, కుండలో అడుగంటిన సంగటి చెక్కునందును జరుగునది అదియే. కావున స్టౌటును కాఫీతో కలుపువాడు పరాయివారిని రెంటిని బలవంతముగా జత చేయుచున్నాడని అనుకొనరాదు.

డబ్లినులో ఆర్థర్ గిన్నెస్ 1759లో సెయింట్ జేమ్సెస్ గేటు వద్దనున్న బీరుశాలను ఏటికి 45 పౌన్ల చొప్పున 9000 సంవత్సరములకు కౌలునకు తీసికొనెను. తాను చేయబోవు పనియందు ఒక మనుష్యునకు అంతటి విశ్వాసము ఉండుట నాకు మిక్కిలి ఇష్టము. ఆ సంస్థవారే సుమారు రెండువందల యేండ్ల తరువాత, 1959లో, బీరులో బొగ్గుపులుసు వాయువుకు తోడుగా నైట్రోజనును చేర్చి, స్టౌటుకు ఆ మీగడవంటి నురుగును తెచ్చిరి. నైట్రోజను ద్రవములో సులభముగా కరగదు కనుక దాని బుడగలు సూక్ష్మముగా నుండి, త్వరగా పగిలిపోక, ఒకదానిపై నొకటి పేరుకొనును. 1988 నుండి డబ్బా లోపల చిన్న ప్లాస్టిక్ బుడ్డి యొకటి అమర్చి, మూత తెరచినంతనే ఆ వాయువు చిమ్మి నురుగు కట్టునట్లు చేసిరి. ఇంట స్టౌటు పోసికొనువారికి ఈ వసతి నిజముగా ఉపకారము.

ఇక విస్కీ. ఐర్లండు, స్కాట్లండులలో అది ధాన్యముతో చేయబడి, కాల్చిన ఓకు పీపాలలో ఏండ్ల తరబడి నిలువయుంచబడును. మన దేశమున విస్కీ పేరిట అమ్ముడగు దానిలో అధికభాగము చెరకు మొలాసిస్ నుండి దింపిన స్పిరిటుతో చేయబడునది. ఐరోపావారి చట్టము దానిని విస్కీ యని అంగీకరింపదు. అయితే 2004లో బెంగుళూరి అమృత్ సంస్థవారు బార్లీ మాల్టుతో చేసిన సింగిల్ మాల్టును స్కాట్లండులోని గ్లాస్గో నగరమందే విడుదల చేసి, ఉష్ణదేశమునను మేలైన విస్కీ పండునని చూపిరి. స్కాట్లండు చలిలో పీపానుండి ఏటికి నూటికి రెండు పాళ్ళు ఆవిరియై పోవుచుండగా, బెంగుళూరి వాతావరణమున పదిపాళ్ళకు పైబడి పోవును. అందువలన ఇచ్చట పీపా లోపలి కొయ్య తన గుణమును త్వరగా మద్యమునకు ఇచ్చివేయును. ఈ పానీయమునకు ఏ విస్కీ మేలని నన్ను అడిగినచో, మాల్టుతో చేసినది, పొగవాసన లేనిది, మిక్కిలి వెలగానిది అని చెప్పుదును. పొగవాసన గల స్కాచి, కాఫీ వేపుడు వాసనతో కలహించును. మిక్కిలి వెలగల దానిని కాఫీలో కలుపుట దాని సూక్ష్మగుణములను పోగొట్టుటయే.

చేయు విధము చెప్పెదను. తొందరపాటు ఉన్న దినమున దీనికి పూనుకొనరాదు. ఉదయమే ఫిల్టరు పై గిన్నెలో నాలుగు పెద్ద చెంచాల కాఫీపొడి పోసి, అదుము బిళ్ళతో అదిమీ అదమనట్లు సమము చేసి, మరగి ఒక నిమిషము నిలిచిన నీటిని నూట ఇరువది మిల్లీలీటర్లు సన్నని ధారగా త్రిప్పుచు పోయవలెను. చికోరి కలిపిన పొడిని ఈ పనికి నేను వాడను. పాలకాఫీకి అది చిక్కదనమును, రంగును ఇచ్చుమాట నిజమే కాని, స్టౌటుతో కలిసినప్పుడు దాని చేదు మందకొడిగా అడుగున నిలిచి తక్కిన రుచులను కప్పివేయును. అరకు కొండలలో గిరిజన రైతులు నీడచెట్ల క్రింద పండించు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి పొడి దొరికినచో శ్రేష్ఠము. రాత్రియంతయు చల్లని నీటిలో నానబెట్టి కాఫీ దింపు పద్ధతియు కలదు. అది నునుపుగా నుండునే కాని, స్టౌటు ప్రక్కన నిలువజాలినంత పదును దానికి లేదు. మన ఫిల్టరు డికాక్షనే ఇందుకు తగినదని నా నిశ్చయము.

డికాక్షను పూర్తిగా దిగిన వెంటనే ఆ గిన్నెను మంచునీళ్ళ పళ్ళెములో నుంచి చల్లార్చవలెను. పొయ్యి గట్టుపై తానై చల్లారునని విడిచినచో, వేడిలో ఎక్కువసేపు నిలిచిన కాఫీలోని ఆమ్లములు విరిగి, నాలుకను పట్టు పులుపు పుట్టును. తరువాత ఎంత తీపి వేసినను అది పోదు. తీపికి చక్కెర కంటె బెల్లము మేలు. చిత్తూరు బెల్లమును సమముగా నీటితో కరగించి, ఒక్క పొంగు రానిచ్చి, గుడ్డతో వడగట్టి సీసాలో నుంచుకొనవచ్చును. నల్లబెల్లము పేరు చెప్పగానే ఈ జిల్లాలవారికి నాటుసారాయు, పోలీసుల దాడులును జ్ఞప్తికి వచ్చుట సహజము. ఈ పానీయమునకు కావలసినది వంటింటి లేత రంగు బెల్లమే, అదియు రెండు చిన్న చెంచాల పాకము మాత్రమే.

మంచును గూర్చి కొంత శ్రద్ధ వహింపవలెను. చేపల పెట్టెలకై అమ్ము ఐసు పానీయములకు పనికిరాదు. కాచి చల్లార్చిన నీటితో ఇంటి ఫ్రిజ్జులోనే గడ్డలు కట్టించుకొనవలెను. గడ్డ పెద్దదైనకొలది దాని ఘనపరిమాణమును బట్టి చూడ ఉపరితలము తక్కువై, మెల్లగా కరగును. చిన్న చిన్న తునకలు క్షణములో నీరై పానీయమును పలుచన చేయును. ఒక పాత్రలో 45 మిల్లీలీటర్ల డికాక్షనును, ఆ బెల్లపు పాకమును, 30 మిల్లీలీటర్ల విస్కీని పోసి, మూడు నాలుగు మంచు తునకలు వేసి, పాత్ర వెలుపల చెమ్మ పట్టు వరకు గరిటెతో త్రిప్పి, పొడవైన గ్లాసులో ముందే ఉంచిన పెద్ద గడ్డపై వడగట్టవలెను. అటుపిమ్మట గ్లాసును కొంచెము వంచి, దాని గోడ వెంబడి 100 మిల్లీలీటర్ల స్టౌటును దించవలెను.

అప్పుడు కనబడు దృశ్యమునకై నేను ఈ శ్రమనంతయు మరల మరల పడుదును. పోసిన తక్షణము గ్లాసంతయు గోధుమవన్నె పొంగుగా కలగిపోవును. పిమ్మట గోడల వెంబడి బుడగలు పైకి పోవుటకు మారుగా క్రిందికి జారుచున్నట్లు కనబడును. నడుమ ద్రవము పైకి లేచి, అంచుల వెంట క్రిందికి దిగుచు, చిన్న బుడగలను తనతో ఈడ్చుకొనిపోవుట వలన ఆ వింత కలుగును. క్రొత్తనీరు చేరిన చెరువులో ఒండ్రు మెల్లగా అడుగునకు పట్టునట్లు, ఆ గోధుమవన్నె కలక పైనుండి నురుగై తేలి, క్రింద నలుపు తేటపడుచు వచ్చును. తుదకు రెంటికిని నడుమ కత్తితో గీచినట్లు గీత యొకటి ఏర్పడును. ఆ గీత ఏర్పడు వరకు గ్లాసును ముట్టరాదు. నురుగుపై చేదు చాక్లెటును కొంచెము తురుమవచ్చును, తప్పనిసరి కాదు.

మా అక్క ఈ పనిని కనిపెట్టి చూచి, "మంచి కాపీలో అది కలిపితే కాపీ చెడిపోతాది గదరా" అనెను. మద్యమును ముట్టని ఆమె అడిగిన ఆ ప్రశ్న ఇన్ని పానశాలల వారు వేయని ప్రశ్న. కాఫీని చెడగొట్టు పానీయమైనచో దానిని గూర్చి వ్రాయవలసిన పనియే లేదు. విచారించి చూడగా నాకు తోచినది ఇది: చల్లదనము వలన పరిమళము అణగును, చల్లని కాఫీ పలువురకు చప్పగా తోచుటకు ఇదియే కారణము. విస్కీలోని ఆల్కహాలు తాను సులభముగా ఆవిరియగుచు, అణగిన ఆ వాసనలను ముక్కునకు అందించును. స్టౌటు నురుగు వానిని వెంటనే పోనీయక పట్టియుంచును. బెల్లము చేదులోని కరకుదనమును మాన్పును. ప్రతి యంశమును తక్కినవానికి ఉపకరించుచున్నది. విస్కీ ముప్పది మిల్లీలీటర్లకు మించినచో మాత్రము మా అక్క మాటయే నిజమగును. కాఫీ చెడును, గొంతున మంట యొక్కటియే మిగులును.

ఇంతవరకు రుచిని గూర్చి చెప్పితిని. ఈ నేలమీద కూర్చుండి మద్యమును గూర్చి వ్రాయువాడు ఇంకొక మాటకు కూడ జవాబు చెప్పవలసియున్నది. మాకు పొరుగుననున్న నెల్లూరు జిల్లాలోని దూబగుంట గ్రామమున, 1992లో, అక్షరాస్యతా ఉద్యమపు పాఠములు చదువుకొన్న స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. రోసమ్మ మొదలగు ఆ గ్రామీణ స్త్రీలు రగిల్చిన ఉద్యమము జిల్లా యంతట ప్రాకి, రాష్ట్రమును కదలించి, 1993 అక్టోబరులో సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. 1997లో ఆ నిషేధము తొలగినది. 2019లో ప్రభుత్వమే దుకాణములను చేపట్టుటయు, 2024 అక్టోబరులో అవి మరల ప్రైవేటువారి చేతికి పోవుటయు మనము చూచినవే. కూలి డబ్బులు సారాకు పోయి, పిల్లలు పస్తుండి, తాము దెబ్బలు తిన్న స్త్రీల దుఃఖమునుండి పుట్టిన ఉద్యమమది. ఆ స్త్రీలు చేసినది న్యాయము. గాజు గ్లాసులో నురుగును చూచి ఆనందించు నావంటివాని సుఖము ఆ న్యాయమునకు సమాధానము కానేరదు.

అయినను నాకొక విచారము కలదు. మన సీమలో మద్యమునకు రెండే గతులు ఏర్పడినవి: నిషేధము, ఆతురత. సూళ్ళూరుపేట నుండి తడ వరకు జాతీయ రహదారి ప్రక్కనున్న ఏ వైన్ షాపు వద్దనైనను సాయంకాలము నిలిచి చూడుడు. క్వార్టరు సీసా మూత త్రిప్పి, ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళ ప్యాకెట్టు పిండి, ముఖము చిట్లించి, ఒక్క గుటకలో మింగి, ఊరగాయ నాకి వెడలిపోవు మనుష్యులు కనబడుదురు. వారికి అందు రుచి లేదు, రుచి యుండవలెనను ఆశయు లేదు. పనిలో నలిగిన దేహమును త్వరగా మరపించుటయే వారికి కావలసినది. ఆ నూట ఎనుబది మిల్లీలీటర్ల క్వార్టరులో, నూటికి 42.8 వంతున, సుమారు 77 మిల్లీలీటర్ల శుద్ధమైన ఆల్కహాలు ఉండును. నేను చెప్పిన గ్లాసులో విస్కీ వలన పదుమూడు, స్టౌటు వలన నాలుగైదు, వెరసి పదునెనిమిది మిల్లీలీటర్లకు మించదు. దీనిని సిద్ధము చేయుటకు ఒక పూట పట్టును. త్రాగుటకు, మంచు కరగుచుండగా, ముప్పావు గంటయైనను పట్టవలెను. శ్రమయు, నిరీక్షణయు, చేదును గుర్తుపట్టు నాలుకయు కలిసినచోట ఆతురతకు తావు చిక్కదు.

కాఫీ చరిత్రయే ఇందుకు నాకు ధైర్యమిచ్చుచున్నది. కాఫీ క్రొత్తగా వ్యాపించిన దినములలో దక్షిణదేశమున పెద్దలు దానిని దుర్వ్యసనమని నిందించిరి. చద్దన్నమును మజ్జిగను మరపించి ఇండ్లను చెరచు విషమని పత్రికలలో వ్రాసిరి. గాంధీమహాత్ముడు 1942లో ఆగాఖాన్ భవనపు నిర్బంధములో వ్రాసిన ఆరోగ్య గ్రంథమున సారా, నల్లమందుల ప్రసంగమునకు చేరువలోనే టీ, కాఫీ, కోకోలును అనావశ్యకములని త్రోసివేసెను. నేడు ఫిల్టరు, డబరా, ఉదయపు మొదటి గ్లాసు అను ఆచారములతో కాఫీ గృహధర్మములలో చేరిపోయినది. మద్యమును కాఫీని సమానము చేయుట నా ఉద్దేశము కాదు. కాఫీ వలన కాలేయము చెడదు, కాపురము కూలదు. నేను చెప్పునది ఇంతమాత్రమే: ఇంటివారి కన్నుల ఎదుట, తెలిసిన కొలతతో, చేతులార చేసికొనిన పానీయమునకు సభ్యత అలవడును, చాటున కొని చాటున మింగుదానికి అది ఏనాడును అలవడదు.

ఈ పానీయమున ఒక మోసమును కలదు. దానిని దాచుట ద్రోహమగును. కాఫీలోని కెఫీను నిద్రమత్తును పోగొట్టును కాని, రక్తములోని ఆల్కహాలును ఒక్క చుక్కయు తగ్గింపదు. త్రాగినవానికి తాను స్వస్థుడననియే తోచును, చేతులు కన్నులు మాత్రము స్వాధీనమున నుండవు. ఈ కారణము చేతనే 2010 నవంబరులో అమెరికా ఆహార ఔషధ సంస్థ, కెఫీను కలిపిన మద్యములను డబ్బాలలో అమ్ముచున్న నాలుగు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపినది. తక్కిన మద్యములయందు దేహమే కొంతవరకు చాలునని చెప్పును. ఇందు దేహము చెప్పదు కనుక కొలచెంబే చెప్పవలసియుండును. చరకసంహిత చికిత్సాస్థానమున మదాత్యయమునకు ఒక అధ్యాయమే కేటాయింపబడినది. విధిని, మాత్రను, కాలమును, తన బలమును ఎరిగి సేవించినప్పుడు అమృతతుల్యమగు మద్యము తప్పి సేవించినచో విషమగునని ఆ శాస్త్రకారుడు నిష్కర్షగా చెప్పెను. రెండువేల యేండ్ల నాటి ఆ వైద్యుడు కెఫీనును ఎరుగడు. మాత్ర యను మాటను మాత్రము మనకంటె బాగుగ ఎరుగును. ఇంట కొలత లేకుండ పోయు అలవాటు ఉన్నవారు ఈ పానీయము జోలికి పోకుండుటయే మంచిది.

మా ఇంట ఇది నెలకొకనాడు, ఆదివారము సాయంకాలము, మేడమీద గాలి తిరిగిన పిదప మాత్రమే చేయబడును. ఒక్కొక్కరికి ఒక్క గ్లాసే. డబ్బాలో మిగిలిన స్టౌటును మరునాటికి దాచినచో నురుగు రాదు కనుక, దానిని ఇద్దరికి సరిపోవునట్లు పంచుకొందుము.

చదువరులకు నా విన్నపము. ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి ఇది చట్టరీత్యా నిషిద్ధము. గర్భిణులును, కాలేయ వ్యాధి గలవారును, నిద్రమందులు వాడువారును దీనిని ముట్టరాదు. దీనిని త్రాగిన రాత్రి, ఎంత తెలివిగా ఉన్నట్లు తోచినను, బండి తాళపుచెవి చేతికి తీసికొనకుడు. మన ముంగిటనున్నది పదునారవ నంబరు జాతీయ రహదారి. ఇంటిలో మద్యము ముట్టనివారు తప్పక ఉందురు. అదే డికాక్షనును, అదే బెల్లపు పాకముతో, అంతే పెద్ద మంచుగడ్డపై, అటువంటి గ్లాసులోనే పోసి, కొంచెము సోడా చేర్చినచో వారికి మిక్కిలి చక్కని పానీయమగును. ముందుగా వారికే అందించుడు.